అందిన సమాచారం, నమ్మదగిన సమాచారం: వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్క్ పరిశోధనలో ‘విశ్వసనీయత’ - ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్కులపై జరిగిన పరిశోధనలో ‘విశ్వసనీయత’ అన్న పదం అత్యంత తరచుగా వినిపించే పదాలలో ఒకటి. అయితే ఆ పదాన్ని ఒక్కొక్క పరిశోధకుడు ఒక్కొక్క అర్థంలో వాడుతున్నాడు. పంపిన ప్యాకెట్లలో ఎన్ని చేరాయన్న లెక్కనే విశ్వసనీయతగా స్వీకరించి, చేరిన సమాచారం నిజమా కాదా, సమయానికి చేరిందా లేదా అన్న ప్రశ్నలను చాలా పత్రాలు పక్కన పెడుతున్నాయి. 2000 సంవత్సరం నుండి వెలువడిన కొన్ని ముఖ్య పరిశోధనలను, క్షేత్రంలో నెలకొల్పిన కొన్ని నెట్‌వర్కుల అనుభవాలను ఎదురెదురుగా పెట్టి, ఈ అంతరం ఎక్కడ ఏర్పడిందో, మన విశ్వవిద్యాలయాలలో ఈ రంగంలో పరిశోధన చేస్తున్నవారికి అది ఎందుకు ముఖ్యమో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్క్, విశ్వసనీయత, ప్యాకెట్ చేరిక, సిమ్యులేషన్, క్షేత్ర ప్రయోగం, లీచ్, ముందస్తు హెచ్చరిక

1. ఉపోద్ఘాతం

ఉష్ణోగ్రత, తేమ, కంపనం, నేలలోని నీటి పీడనం వంటి వాటిని కొలిచే సెన్సారు, చిన్న ప్రాసెసరు, తక్కువ శక్తితో పనిచేసే రేడియో, ఒక జత బ్యాటరీలు కలిస్తే ఒక ‘నోడ్’ అవుతుంది. ఇటువంటి నోడ్లు పదులు, వందల సంఖ్యలో ఒకదాని సమాచారాన్ని మరొకటి అందుకుని ముందుకు పంపుతూ, చివరికి ‘సింక్’ అనే కేంద్రానికి చేర్చే ఏర్పాటే వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్క్. తీగలు లాగలేని అడవులు, కొండవాలులు, పొలాలు, వంతెనలు దీని కార్యక్షేత్రాలు.

ఈ వ్యవస్థకు పుట్టుకతోనే కొన్ని పరిమితులున్నాయి. రేడియో సంకేతం గాలివాటుగా మారుతుంది. బ్యాటరీ అయిపోతుంది. పెట్టెలోకి నీరు చేరుతుంది. అందువల్ల ‘దీనిని నమ్మవచ్చునా?’ అన్న ప్రశ్న ఈ రంగంలో మొదటి నుండీ ఉంది. దానికి సమాధానంగా రెండు దశాబ్దాలకు పైగా ప్రోటోకాళ్లు, అల్గారిథములు పుంఖానుపుంఖాలుగా వెలువడ్డాయి. వాటిలో కొన్ని నిజంగా గొప్పవి. కాని ఈ సాహిత్యాన్ని వరుసగా చదివినవారికి ఒక విషయం స్పష్టమవుతుంది. రేడియో మీద సమాచారం చేరవేయడమనే సమస్య చాలావరకు పరిష్కారమైంది. చేరిన సమాచారాన్ని నమ్మి నిర్ణయం తీసుకోవచ్చునా అన్న సమస్య మాత్రం దాదాపు మొదట ఉన్న చోటనే ఉంది. మొదటి సమస్యకు చెందిన కొలమానాన్ని రెండవ సమస్యకు కూడా వర్తింపజేయడమే ఇందుకు ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

2. విశ్వసనీయత: నిర్వచనాలలోని భేదాలు

2002లో వెలువడిన పీఎస్‌ఎఫ్‌క్యూ అనే ప్రోటోకాల్ పేరులోనే దాని పద్ధతి ఉంది: ‘నెమ్మదిగా పంపు, త్వరగా తెప్పించుకో’. కేంద్రం నుండి నోడ్లకు కొత్త ప్రోగ్రామును పంపడం దాని ప్రధాన లక్ష్యం. ప్రోగ్రాములో ఒక్క ముక్క లోపించినా మిగిలినదంతా వ్యర్థమే. కనుక అక్కడ విశ్వసనీయత అంటే ప్రతి ప్యాకెట్టూ చేరడం. ఆ సందర్భానికి ఆ నిర్వచనం పూర్తిగా తగినది.

2003లో శంకరసుబ్రమణ్యం, అకాన్, అకిల్డిజ్ ప్రతిపాదించిన ఈఎస్‌ఆర్‌టీ ఈ దృష్టిని మార్చింది. ఒక ప్రాంతంలో జరిగిన సంఘటనను అనేక నోడ్లు ఒకేసారి గమనిస్తాయి కనుక ప్రతి ప్యాకెట్టూ చేరనక్కరలేదు, సంఘటనను నిర్ధారించడానికి చాలినన్ని చేరితే చాలునని వారి వాదం. విశ్వసనీయతను ప్యాకెట్టు నుండి సంఘటనకు మార్చడం ఈ రంగంలో ఒక ముఖ్యమైన ఆలోచన. అయినా ఆ పత్రం కూడా చివరికి ఒక నిర్ణీత వ్యవధిలో సింకుకు అందిన ప్యాకెట్ల సంఖ్యనే కొలమానంగా తీసుకున్నది. ఆ ప్యాకెట్లలో ఏముందన్నది దాని పరిధిలోకి రాలేదు. పాడైన పది సెన్సార్లు పంపిన పది ప్యాకెట్లకూ, బాగున్న పది సెన్సార్లు పంపిన పది ప్యాకెట్లకూ ఆ లెక్కలో భేదం లేదు.

ఇక్కడ మన శాస్త్ర సంప్రదాయంలోని ఒక భావన ఉపకరిస్తుంది. న్యాయశాస్త్రం శబ్దాన్ని ప్రమాణంగా అంగీకరిస్తూ, ఆ శబ్దం ఆప్తునిదై ఉండాలని షరతు పెట్టింది. విషయాన్ని ఉన్నది ఉన్నట్లు ఎరిగినవాడు, ఎరిగినది ఎరిగినట్లు చెప్పేవాడు ఆప్తుడు. అంటే తెలుసుకోవడం, తెలియజేయడం అనే రెండు అంశాలూ కలిస్తేనే విశ్వసనీయత సిద్ధిస్తుంది. సెన్సార్ నెట్‌వర్క్ పరిశోధన అధికభాగం రెండవ అంశానికే పరిమితమైంది. తెలియజేయడంలో లోపం లేని నోడ్, తెలుసుకోవడంలో పొరబడితే అది తడబాటు లేకుండా అబద్ధం చెప్పే సాక్షితో సమానం. తెలుగులో ‘విశ్వసనీయత’ అన్న మాటను మనం మనుషుల మాటకు, సాక్ష్యానికి ఎక్కువగా వాడతాం. ఆ వాడుక ఈ రంగానికి కూడా సరైన దారిని చూపుతున్నది.

సమాచారం వినియోగపడాలంటే మూడవ అంశం కూడా అవసరం: సమయం. కొండచరియ జారిన తరువాత చేరిన హెచ్చరిక నూటికి నూరుపాళ్లు సత్యమైనా నిష్ప్రయోజనం. కాబట్టి ఈ వ్యాసంలో విశ్వసనీయతను మూడు పొరలుగా విభజించి పరిశీలిస్తున్నాం: చేరిక, సత్యం, సమయోచితత్వం.

3. సిమ్యులేషన్లు, వాటి వెనుక ఉన్న ఊహలు

నోడ్లను కొని క్షేత్రంలో నిలపడం ఖర్చుతో, శ్రమతో కూడినది. అందువల్ల సిమ్యులేషన్ తప్పనిసరి సాధనమైంది. సాధనంగా దానిని ఆక్షేపించవలసిన పనిలేదు. దాని వెనుక ఉన్న ఊహలను చెప్పకపోవడం, పరీక్షించకపోవడం ఆక్షేపణీయం.

డార్ట్‌మత్ కళాశాలకు చెందిన కోట్జ్, ఆయన సహపరిశోధకులు 2003-04 ప్రాంతంలో వెలువరించిన పత్రాలలో వైర్‌లెస్ పరిశోధకులు అలవాటుగా చేసే ఆరు ఊహలను గుర్తించారు. భూమి చదునుగా ఉంటుంది. రేడియో ప్రసార ప్రాంతం వృత్తాకారంలో ఉంటుంది. అన్ని రేడియోల పరిధీ సమానం. నేను నిన్ను వినగలిగితే నువ్వూ నన్ను వినగలవు. వినగలిగితే లోపం లేకుండా వినగలను. సంకేత బలం దూరాన్ని బట్టి మాత్రమే మారుతుంది. ఈ ఆరింటిలో ఏదీ వాస్తవం కాదని వారు ప్రయోగపూర్వకంగా చూపారు. 2003లోనే ఝావో, గోవిందన్ అసలు నోడ్లతో జరిపిన కొలతలలో, కొన్ని పరిసరాలలో ప్రసార పరిధిలో సుమారు మూడవ వంతు దూరం ‘బూడిద ప్రాంతం’గా ఉంటుందని తేలింది. అక్కడ ఒక రేడియో ప్యాకెట్లను చక్కగా అందుకుంటుంది, దాని పక్కనున్నది అందుకోలేదు. వృత్తం గీసి ‘లోపల చేరుతుంది, బయట చేరదు’ అనుకునే నమూనాకు ఇక్కడ తావు లేదు.

2005లో కుర్కోవ్‌స్కీ, క్యాంప్, కొలగ్రాసో మరొక కోణాన్ని పరిశీలించారు. తాత్కాలిక వైర్‌లెస్ నెట్‌వర్కులకు ప్రసిద్ధమైన మోబీహాక్ సదస్సులో 2000 నుండి 2005 వరకు వచ్చిన 151 పత్రాలలో 114 సిమ్యులేషన్‌పై ఆధారపడ్డాయి. మరొకరు తిరిగి చేసి చూడడానికి కావలసిన వివరాలు 15 శాతం కన్న తక్కువ పత్రాలలో ఉన్నాయని వారు తేల్చారు. ఇది సెన్సార్ నెట్‌వర్కులకు దాయాది వంటి రంగం. ఆ అలవాట్లే ఇక్కడికీ వచ్చాయి.

ఈ విమర్శకు మంచి ఉదాహరణ లీచ్. వెండీ హైన్‌జెల్‌మన్, అనంత చంద్రకాసన్, హరి బాలకృష్ణన్ 2000లో ప్రతిపాదించిన ఈ ప్రోటోకాల్‌లో నోడ్లు గుంపులుగా ఏర్పడతాయి, ప్రతి గుంపుకూ నాయకత్వం వంతులవారీగా మారుతుంది. బరువు ఒక్కరి మీదే పడకుండా పంచుకోవడం అందమైన ఆలోచన. మూల రచయితలు తమ వాదాన్ని నిరూపించడానికి ఒక సరళమైన శక్తి నమూనాను ఎన్నుకున్నారు. పంపినా అందుకున్నా బిట్టుకు 50 నానోజౌళ్లు రేడియో పరికరానికి, దూరాన్ని బట్టి మరికొంత యాంప్లిఫయరుకు. ప్రతి నోడ్‌కు మొదట 0.25, 0.5 లేదా 1 జౌల్ శక్తి.

ఆ నమూనా వారి వాదానికి సరిపోయింది. సమస్య ఆ తరువాత వచ్చింది. లీచ్‌ను ‘మెరుగుపరిచిన’ ప్రోటోకాళ్లు లెక్కకు మించి వెలువడ్డాయి. వాటిలో చాలా వాటిలో అదే 50 నానోజౌళ్లు, అదే 0.5 జౌల్ మార్పు లేకుండా కొనసాగుతున్నాయి. ఈ అంకెలను నిజమైన పరికరాలతో పోల్చి చూద్దాం. 2500 మిల్లీఆంపియర్-గంటల సామర్థ్యం గల ఏఏ బ్యాటరీలు రెండు 3 వోల్టుల వద్ద సుమారు 27,000 జౌళ్ల శక్తిని ఇస్తాయి. 0.5 జౌల్ అందులో యాభైనాలుగు వేలవ వంతు. ఈ రంగంలో విరివిగా వాడిన సీసీ2420 రేడియో చిప్ పంపేటప్పుడు 17.4 మిల్లీఆంపియర్లు, వినేటప్పుడు 18.8 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది. అంటే మాట్లాడడం కన్న వినడానికే ఖర్చు ఎక్కువ. ఆ లెక్కన 0.5 జౌల్‌తో ఆ రేడియో తొమ్మిది సెకన్ల పాటు వినగలదు. పూర్తి బ్యాటరీలతోనైనా రేడియోను ఆపకుండా తెరిచి ఉంచితే అయిదున్నర రోజులలో అవి ఖాళీ అవుతాయి.

దీని నుండి తేలేది ఏమిటి? నోడ్ ఆయుష్షును నిర్ణయించేది ప్రధానంగా అది ఎంతసేపు వింటూ మేలుకొని ఉంటుందన్నది. సరళ నమూనాలో ఎవరూ మాట్లాడనప్పుడు ఊరకే వింటూ ఉండడానికి అయ్యే ఖర్చుకు స్థానమే లేదు. గుంపు నాయకుడు తన సభ్యుల కోసం చెవి ఒగ్గి ఉండాలి. ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోకుండా నాయకుని ఎంపిక సూత్రాన్ని కొద్దిగా మార్చి ‘నెట్‌వర్క్ ఆయుర్దాయం ఇంత శాతం పెరిగింది’ అనడం, ఇంటి ఖర్చులో అద్దెను వదలివేసి అగ్గిపెట్టెల ఖర్చు తగ్గించామని చెప్పడం వంటిది. లెక్కలో తప్పు లేకపోవచ్చు. లెక్కించవలసినది మాత్రం అది కాదు.

4. క్షేత్రం చెప్పిన పాఠాలు

సిమ్యులేషన్ పత్రాలు వెలువడుతున్న కాలంలోనే కొన్ని బృందాలు నోడ్లను నిజమైన ప్రదేశాలలో నిలిపి చూశాయి. వాటి నివేదికలు ఈ రంగంలో అత్యంత విలువైన సాహిత్యం. ఎందుకంటే అవి తమ వైఫల్యాలను దాచుకోలేదు.

2002లో అమెరికాలోని మెయిన్ రాష్ట్ర తీరాన గ్రేట్ డక్ ద్వీపంలో, లీచ్స్ స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపక్షి గూళ్లను గమనించడానికి నెట్‌వర్కును నెలకొల్పారు. మనుషుల రాకపోకలతో పక్షులు కలత చెందకుండా అధ్యయనం చేయడం లక్ష్యం. అక్కడ వాన, మంచు నోడ్ల పెట్టెలలోకి చొరబడ్డాయి. తేమను కొలిచే సెన్సారు అసంభవమైన విలువలు చూపడం మొదలుపెట్టిన నోడ్లు ఆ తరువాత కొద్దికాలానికే పనిచేయడం మానేసిన సందర్భాలను పరిశోధకులు గుర్తించారు. సెన్సారు చెప్పే అబద్ధం నోడ్ అనారోగ్యానికి లక్షణంగా పనికివచ్చిందన్న మాట. ప్యాకెట్లు చేరాయా లేదా అని మాత్రమే చూసేవారికి ఈ సూచన కనిపించదు.

కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో సుమారు 70 మీటర్ల ఎత్తు గల రెడ్‌వుడ్ చెట్టుపై నోడ్లు అమర్చి, 44 రోజుల పాటు అయిదు నిమిషాలకొకసారి ఉష్ణోగ్రత, తేమ, వెలుతురు కొలిచిన ప్రయోగాన్ని టాలీ, సహపరిశోధకులు 2005లో నివేదించారు. రావలసిన కొలతలలో సుమారు సగమే చేతికందాయి. అంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. బ్యాటరీ వోల్టేజి దాదాపు 2.4 వోల్టులకు పడిపోయిన తరువాత కొన్ని నోడ్ల ఉష్ణోగ్రత విలువలు అర్థం లేకుండా పెరగసాగాయి. ఆ ప్యాకెట్లు సక్రమంగానే చేరాయి, వాటి చెక్‌సమ్ కూడా సరిపోయింది. చేరిక లెక్కలో అవి విజయాలు. శాస్త్రం లెక్కలో పారవేయవలసిన చెత్త. వోల్టేజిని కూడా నమోదు చేసి ఉండడం వల్లనే వాటిని ఏరివేయడం సాధ్యమైంది.

2005 ఆగస్టులో ఈక్వడార్‌లోని రెవెంటడార్ అగ్నిపర్వతంపై వెర్నర్-ఆలెన్, వెల్ష్ బృందం 16 నోడ్లను 19 రోజుల పాటు నడిపింది. 230 సంఘటనల సమాచారం సేకరించింది. సెన్సార్ నోడ్ల కన్న కేంద్రంలో విద్యుత్తు సరఫరా ఎక్కువగా దెబ్బతీసిందని వారు గ్రహించారు. ఎవరి ప్రోటోకాల్‌లోనూ ‘జనరేటర్ ఆగిపోవడం’ అనే అంశం ఉండదు. రెండవ పాఠం కాలానికి సంబంధించినది. భూకంప తరంగం వేర్వేరు నోడ్లను ఏ క్షణంలో తాకిందన్న భేదాన్ని బట్టి దాని మూలస్థానాన్ని అంచనా వేస్తారు. సెకనుకు 100 కొలతలు తీసే ఆ నెట్‌వర్క్‌లో కాల సమన్వయ ప్రోటోకాల్ అప్పుడప్పుడు పొరపాటు పడడంతో కొన్ని కొలతలకు తప్పు సమయం ముద్రపడింది. వాటిని తరువాత ప్రత్యేక పద్ధతిలో సరిచేయవలసి వచ్చింది. సరైన విలువకు తప్పు సమయం జతపడితే అది తప్పు విలువే.

అన్నిటికన్న ప్రసిద్ధమైనది నెదర్లాండ్స్ బంగాళాదుంప పొలం అనుభవం. ఆకుమాడు తెగులుకు అనుకూలించే సూక్ష్మ వాతావరణాన్ని గమనించడానికి లాంగెన్‌డోన్ బృందం సుమారు వంద నోడ్లతో నెట్‌వర్క్ నెలకొల్పింది. రావలసిన సమాచారంలో చివరికి అందినది సుమారు 2 శాతం. విడివిడిగా పనిచేసిన భాగాలు కలిసినప్పుడు పరస్పరం ఇబ్బంది పెట్టుకున్నాయి. దూరం నుండి కొత్త కోడ్‌ను పంచే సదుపాయమే బ్యాటరీలను హరించింది. ఆ బృందం 2006లో తమ వైఫల్యాన్ని పేరుతో సహా ప్రకటించిన పత్రం, ఎన్నో విజయగాథల కన్న ఎక్కువ మందికి పనికివచ్చింది. అదే పొలంలో రేడియోలపై జరిపిన కొలతలలో మరొక ఆశ్చర్యం ఎదురైంది. రాత్రివేళ, వాన పడినప్పుడు, అంటే గాలిలో తేమ ఎక్కువైనప్పుడు, సంకేతం మెరుగ్గా అందింది. తేమ ఎక్కువైతే సంకేతం బలహీనపడుతుందనే సాధారణ ఊహకు ఇది విరుద్ధం. ఏ సిమ్యులేటరూ తనంతట తాను దీనిని చెప్పి ఉండేది కాదు.

ఈ నాలుగు అనుభవాలలోనూ ఒక సామాన్య లక్షణం ఉంది. వైఫల్యానికి ప్రధాన కారణాలు రూటింగ్ అల్గారిథము పరిధి వెలుపల ఉన్నాయి: పెట్టె, బ్యాటరీ, జనరేటరు, గడియారం, కోడ్ పంపిణీ. పరిశోధన పత్రాలలో అధికభాగం మాత్రం రూటింగ్ చుట్టూ తిరుగుతున్నాయి.

5. చేరిక సమస్య ఎంతవరకు తీరింది?

న్యాయంగా మాట్లాడాలంటే చేరిక విషయంలో సాధించిన ప్రగతి సామాన్యమైనది కాదు. ఒక్కొక్క అంచెలో 95 శాతం ప్యాకెట్లు చేరే మార్గంలో పది అంచెలు దాటితే చివరికి చేరేవి సుమారు 60 శాతమే. ప్రతి అంచెలోనూ మరో మూడుసార్లు తిరిగి పంపే అవకాశమిస్తే, నష్టాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివైనంతవరకు, పది అంచెల తరువాత కూడా 99.99 శాతం చేరతాయి. చివరి నుండి చివరికి కాక అంచె అంచెకూ సరిదిద్దుకోవాలన్న సూత్రానికి ఇదే బలం. అయితే ‘సంబంధం లేనివైనంతవరకు’ అన్న షరతు ముఖ్యమైనది. రేడియో నష్టాలు గుంపులుగా వస్తాయని, ఒకసారి విఫలమైన వెంటనే మళ్లీ పంపితే మళ్లీ విఫలమయ్యే అవకాశం ఎక్కువని 2008లో శ్రీనివాసన్, సహపరిశోధకులు బీటా అనే కొలమానంతో చూపారు. ఎన్నిసార్లు పంపాలన్న ప్రశ్నతో పాటు ఎంతసేపు ఆగి పంపాలన్న ప్రశ్న కూడా ముఖ్యమైంది.

ఇటువంటి కొలతల నుండి పుట్టినదే 2009 నాటి సీటీపీ. దానిని 12 ప్రయోగశాల నెట్‌వర్కులపై, 20 నుండి 310 నోడ్ల వరకు పరీక్షించారు. అన్నింటిలోనూ 90 శాతానికి పైగా, అనేక ప్రయోగాలలో 99.9 శాతం ప్యాకెట్లు చేరాయి. 2011లో వచ్చిన గ్లాసీ, అనేక నోడ్లు ఒకే క్షణంలో ఒకే ప్యాకెట్టును పలికితే అవి పరస్పరం చెడగొట్టుకోకుండా బలపడేటట్లు చేయవచ్చని నిరూపించింది. చాలా సందర్భాలలో 99.99 శాతానికి మించిన చేరికను, మైక్రోసెకను లోపు కాల సమన్వయాన్ని సాధించింది. 2012లో వెలువడిన 802.15.4ఈ ప్రమాణం కాలాన్ని గళ్లుగా విభజించి, గడి గడికీ ఫ్రీక్వెన్సీ మార్చే పద్ధతిని పరిశ్రమలకు అందించింది. 2016 నుండి ఈడబ్ల్యూఎస్ఎన్ సదస్సులో నిర్వహించిన పోటీలలో వేర్వేరు బృందాల ప్రోటోకాళ్లను ఒకే చోట, కావాలని కలిగించిన రేడియో అంతరాయం నడుమ, చేరిక, ఆలస్యం, శక్తి వ్యయం అనే మూడు అంశాలపై పోల్చారు.

ఈ ప్రగతికి కారణం స్పష్టం. వీరు ఊహలను వదలి రేడియోను కొలిచారు, కొలిచిన దానికి తగిన పరిష్కారం వెదికారు, అందరి ముందు పరీక్షకు నిలబడ్డారు. ఆ పద్ధతినే సత్యం, సమయోచితత్వం అన్న మిగిలిన రెండు పొరలకు అన్వయించడం ఇంకా జరగవలసిన పని. చేరిక పొర బాగుపడిన కొద్దీ సత్యం పొరలోని లోపం మరింత బయటపడుతుందని కూడా గమనించాలి. ఒక హెచ్చరిక వ్యవస్థలో 20 నోడ్లున్నాయని, ప్రతి నోడ్ రోజుకు 1 శాతం సంభావ్యతతో పొరపాటున పరిమితి దాటిన విలువ చూపుతుందని అనుకుందాం. ఏ ఒక్క నోడ్ పరిమితి దాటినా హెచ్చరిక మోగేటట్లయితే, ఏ రోజుననైనా తప్పుడు హెచ్చరిక వచ్చే సంభావ్యత సుమారు 18 శాతం. అంటే అయిదారు రోజులకొకసారి. చేరిక నూటికి నూరు శాతమైతే ఈ తప్పుడు హెచ్చరికలన్నీ లోపం లేకుండా చేరతాయి. ‘నాన్నా పులి’ కథలోని పిల్లవాని కేకలు ఊరివారికి ప్రతిసారీ స్పష్టంగానే వినిపించాయి. లోపం వినికిడిలో లేదు.

6. మన నేలపై రెండు సందర్భాలు

భారతీయ విజ్ఞాన సంస్థ, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ కలిసి 2004 ప్రాంతంలో కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకా చెన్నకేశవపురంలో ‘కామన్‌సెన్స్ నెట్’ అనే ప్రాజెక్టును చేపట్టాయి. పావగడ దాదాపు అన్ని వైపులా ఆంధ్రప్రదేశ్ నేలతో చుట్టుకొని, తెలుగు విరివిగా వినిపించే ప్రాంతం. అనంతపురం వలెనే వర్షాధార వేరుశనగకు, కరవుకు పేరుపడినది. ఆ ప్రాజెక్టులో ప్రశంసించవలసిన అంశం, నోడ్ల కన్న ముందు రైతుల సమాచార అవసరాలను సర్వే చేసి తెలుసుకోవడం. విశ్వసనీయతను ఎవరి దృష్టితో నిర్వచించాలన్న ప్రశ్నను అది సరైన చోట నిలిపింది. మెట్టపొలంలో వేరుశనగ ఊడలు దిగే దశలో నేలలో తేమ చాలునా, ఒక తడి ఇవ్వవలసి ఉందా అన్నది రైతు ప్రశ్న. ఆ నిర్ణయానికి అయిదు నిమిషాలకొక ప్యాకెట్టు అవసరం లేదు. రోజుకు రెండు నమ్మదగిన విలువలు చాలు. కాని ఆ విలువ ఎర్రనేలకు తగినట్లు సరిచూసిన సెన్సారు నుండి రావాలి, గుంతలో నీరు నిలిచే ఒక్క చోటునే కాక పొలాన్ని ప్రతినిధించాలి. 99.9 శాతం చేరిక ఉండి ఈ రెండూ లేకపోతే రైతుకు అది విశ్వసనీయమైన వ్యవస్థ కాదు. 80 శాతం చేరికతో ఈ రెండూ ఉంటే అది విశ్వసనీయమైనదే.

రెండవది కేరళలోని మున్నార్. 2005లో కొండచరియ జారిన ఆంటోనియార్ కాలనీ ప్రాంతంలో అమృత విశ్వవిద్యాపీఠం పరిశోధకులు నేలలోకి లోతుగా దింపిన సెన్సార్లతో నెట్‌వర్క్ నెలకొల్పారు. నేల రంధ్రాలలో నీటి పీడనం, వాన, కదలిక వంటివి కొలుస్తూ, ప్రమాద సూచన పెరిగిన కొద్దీ కొలతల వేగాన్ని పెంచే పద్ధతిని అనుసరించారు. ఇక్కడ అవసరం పావగడకు పూర్తిగా భిన్నం. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆ వాలు నిశ్చలంగా ఉంటుంది. నెట్‌వర్క్ తప్పక పనిచేయవలసినది కుండపోతగా వాన కురిసే కొద్ది రోజులలోనే. ఆ రోజులలోనే మబ్బుల వల్ల సౌరఫలకాలకు వెలుతురు తగ్గుతుంది, పిడుగులు పడతాయి, విద్యుత్తు పోతుంది, చెట్లు కూలుతాయి. వైఫల్యాలన్నీ అవసరమైన వేళనే కలిసికట్టుగా వచ్చే అవకాశం ఉంది. ఏడాది సగటున 99 శాతం పనిచేసిందన్న మాటకు అర్థం మూడున్నర రోజులకు పైగా పనిచేయలేదని. ఆ మూడున్నర రోజులు ఏవన్నదే అసలు ప్రశ్న. సగటు దానికి సమాధానం చెప్పదు.

ఈ రెండు సందర్భాలకు ఒకే కొలమానం వర్తించదు. అయినా మన పత్రాలలో ‘వ్యవసాయం, విపత్తు నిర్వహణ, సైనిక అవసరాలకు ఉపయోగపడుతుంది’ అన్న వాక్యం ఉపోద్ఘాతంలో కనిపించి, తరువాతి పుటలలో ఆ మూడింటి మధ్య ఏ భేదమూ పాటించకపోవడం పరిపాటి అయింది. వినియోగం ఉపోద్ఘాతానికి అలంకారంగా మిగిలిపోతున్నది.

7. పరిశోధకులకు కొన్ని సూచనలు

ప్రతి పరిశోధక విద్యార్థికీ అగ్నిపర్వతం ఎక్కే వనరులు ఉండవు. మన కళాశాలలలో ప్రయోగశాలలకు నిధులు తక్కువ, పత్రాల సంఖ్యకు ఒత్తిడి ఎక్కువ. దోషమంతా విద్యార్థిపై మోపడం న్యాయం కాదు. అయినా అందుబాటులో ఉన్న వనరులతోనే చేయదగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, ‘విశ్వసనీయత’ను వాడే ముందు నిర్వచించడం. చేరికా, సత్యమా, సమయోచితత్వమా, ఏ నిర్ణయం కోసం, ఎవరి కోసం అన్నది ఒక పేరాలో చెప్పగలిగితే సగం అస్పష్టత తొలగుతుంది.

రెండవది, శక్తి నమూనాలో అంకెలను ఒక నిజమైన రేడియో సాంకేతిక పత్రం నుండి తీసుకోవడం, ఊరకే వినడానికి అయ్యే ఖర్చును తప్పక చేర్చడం. దీనికి రూపాయి ఖర్చు లేదు. ఇలా చేసిన తరువాత కూడా ప్రతిపాదిత అల్గారిథము మెరుగ్గా ఉంటే ఆ ఫలితానికి విలువ ఉంటుంది. లేకపోతే ఆ సంగతి తెలియడం కూడా ఒక ఫలితమే.

మూడవది, పోలిక. 2000 నాటి ప్రోటోకాల్‌తో మాత్రమే పోల్చి గెలిచామనడం సరిపోదు. సీటీపీ, గ్లాసీ వంటి తరువాతి పద్ధతులతో పోల్చాలి. ఫ్రాన్స్‌లోని ఎఫ్ఐటీ ఐఓటీ-ల్యాబ్ వంటి దూరం నుండి వాడుకోగల ప్రయోగ వేదికలు అసలు నోడ్లపై పరీక్షించే దారిని చూపాయి. అది కుదరనప్పుడు పది నోడ్లను కళాశాల ఆవరణలో, ఒక నీటి ట్యాంకు వద్ద, ఒక తోటలో ఒక వానకాలమంతా నడిపినా, వేయి నోడ్ల సిమ్యులేషన్ చెప్పని సంగతులు అవి చెబుతాయి.

నాలుగవది, ప్రతి నోడ్ నుండి కొలతతో పాటు బ్యాటరీ వోల్టేజి, పునఃప్రారంభాల లెక్క వంటి ఆరోగ్య సమాచారాన్ని సేకరించడం. రెడ్‌వుడ్ అనుభవం నేర్పిన పాఠం ఇదే. సాక్షి చెప్పిన మాటను తూచాలంటే సాక్షి స్థితి తెలియాలి.

అయిదవది పర్యవేక్షకులకు, సమీక్షకులకు సంబంధించినది. నిజాయితీగా నివేదించిన వైఫల్యాన్ని పరిశోధన ఫలితంగా గుర్తించాలి. 2 శాతం సమాచారమే అందిన బంగాళాదుంప పొలం పత్రం మన సిద్ధాంతవ్యాస పరీక్షలో నెగ్గేదా అని ప్రశ్నించుకుంటే, మార్చుకోవలసినది విద్యార్థి ఒక్కడే కాదని తెలుస్తుంది. విజయశాతాన్ని మాత్రమే గౌరవించే చోట విజయశాతాలే పుడతాయి.

8. ముగింపు

వైర్‌లెస్ సెన్సార్ నెట్‌వర్క్ పరిశోధన సమాచారాన్ని చేరవేయడంలో చెప్పుకోదగిన పరిణతి సాధించింది. రేడియోను ఊహించడం మాని కొలవడం మొదలుపెట్టిన బృందాల వల్లనే అది సాధ్యమైంది. చేరిన సమాచారం సత్యమా, వేళకు చేరిందా అన్న ప్రశ్నలకు ఇంకా అటువంటి శ్రద్ధ లభించలేదు. లీచ్ తరువాతి సాహిత్యంలో అధికభాగం మొదటి ప్రశ్నకు కూడా పాత అంకెలతోనే సమాధానం చెప్పుకుంటున్నది. పావగడ రైతుకు, మున్నార్ వాలు కింద నివసించేవారికి నెట్‌వర్క్ అంటే ఒక మాట చెప్పే సాక్షి. ఆ మాటను బట్టి ఒకరు తడి పెట్టాలో వద్దో నిర్ణయిస్తారు, మరొకరు రాత్రివేళ ఇల్లు విడిచి పోవాలో వద్దో నిర్ణయిస్తారు. పరిశోధన పత్రంలోని ‘విశ్వసనీయత’ ఈ నిర్ణయాలకు ఎంత దగ్గరగా ఉందన్నదే దానికి సరైన కొలబద్ద. ఆ కొలబద్దతో తమ పనిని తామే కొలుచుకునే పరిశోధకులు పెరిగితే, ఈ రంగంలో ప్యాకెట్ల లెక్కకు మించిన ఫలితాలు వెలువడే అవకాశముంది.